పిల్లల్ని వరండాలో నిలబెట్టి మాట్లాడకండి

నాకు మీసాలు ముందు వచ్చాయి, అక్షరాలు తరువాత వచ్చాయి. అందుకని బడి గురించి నేను నోరు తెరిస్తే కొందరు పంతుళ్ళకు ఒళ్ళు మండేది. చిన్నప్పుడు బడి మెట్లెక్కనివాడు బడి ఎట్లా నడపాలో మాకు చెప్పడమేమిటని వాళ్ళ బాధ. వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళకు చెవులు వినపడవు. కాబట్టి నిశ్చింతగా రాస్తున్నాను.

మొన్న కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు కొందరు నన్ను చూడటానికి వచ్చి ఒక ప్రశ్న అడిగారు. తల్లిదండ్రులను బడికి పిలిచి మాట్లాడేటప్పుడు పిల్లలను కూడా కూర్చోబెట్టాలా, బయటికి పంపాలా అని. శిక్షణలో దీని మీద ఒక పూటంతా వాదించారట. చివరకు టీ తాగి లేచారట, ఏమీ తేలలేదట. శిక్షణ అంటే మా రోజుల్లోనూ అంతే, టీ మాత్రం ఇంత బాగుండేది కాదు.

నా జవాబు ముందే చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేయవచ్చు. పిల్లలు ఉండాలి. మాట మొదలైనప్పటి నుంచీ ఉండాలి. అయితే అది మీరు అనుకున్నంత సుఖమైన పని కాదు. దాంట్లో తండ్రికి చిక్కుంది, పిల్లకు చిక్కుంది, అన్నిటికంటే ఎక్కువ మనకు ఉంది. ఎట్లాగో చెబుతాను.

పటేలు అరుగు దగ్గర

మాది మోతె పక్కన ఒక పల్లె. చిన్నతనంలోనే నన్ను పటేలు దగ్గర జీతం పెట్టారు. జీతం ఉండటమంటే ఏడాది పొడుగునా వాళ్ళ గొడ్లు కాయడం, పేడ తీయడం, ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలకడం. ఆ మాట కుదిరిన రోజు నేను అక్కడే ఉన్నాను. పటేలు అరుగు మీద, మా నాయిన అరుగు కింద, నేను కొట్టం దగ్గర. ఇద్దరూ నా గురించే మాట్లాడుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. ఏం మాట్లాడుకుంటున్నారో మాత్రం వినపడలేదు. అయిపోయాక మా నాయిన వచ్చి "ఇగ గీడనే ఉండు బిడ్డా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

నేను ఏడవలేదు. గొడ్లు మంచివి, పటేలు మరీ చెడ్డవాడు కాదు. కానీ నా సంగతి మాట్లాడుతూ నాకు వినపడనివ్వలేదన్న కోపం మాత్రం చాలాకాలం పోలేదు. తరువాత ఊళ్ళో పెద్దవాళ్ళకు చదువు చెప్పే బడి పెడితే ఆ కోపంతోనే పోయి పలక పట్టాను. నా పక్కన కూర్చున్న ఆయనకు అప్పటికే మనవలు. ప్రైవేటుగా హెచ్చెస్సీ, అంటే ఇప్పటి పదో తరగతి లాంటి పరీక్ష, కట్టి, ట్రైనింగు చేసి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో సూర్యాపేటలో పంతులునయ్యాను. ప్రమోషన్లు, బదిలీ కాగితాలు, ఎవరెవరి కాళ్ళు పట్టుకున్నదీ రాయను. అవి నాకే బోరు.

చెంపదెబ్బ మర్యాద

అప్పట్లో సమావేశం అనే మాట లేదు. రైతు బండి కట్టుకుని సూర్యాపేట మార్కెట్టుకు ధాన్యం తెచ్చేవాడు. ధాన్యం అమ్మిపెట్టే అడ్తి దుకాణం ముందు బస్తాలు దింపి, తూకం అయ్యేలోపు ఊరికే కూర్చోవడం ఎందుకని బడికి వచ్చేవాడు. ఒంటినిండా దుమ్ముతో గుమ్మంలో నిలబడి అందరూ ఒకటే అడిగేవారు. "మావోణ్ణి కొడుతున్నరా సారూ" అని. చదువుతున్నాడా అని కాదు. కొట్టడం లేదంటే, సూది వేయకుండా పంపించిన డాక్టరును చూసినట్టు మమ్మల్ని చూసేవారు.

తరువాత కొడుకును పిలిపించి మా ముందే ఒకటి అంటించేవారు. ఎందుకో కొట్టినవాడికీ తెలియదు, తిన్నవాడికీ తెలియదు. నేను కొత్తలో కారణం కనుక్కోవాలని చూశాను. అందులో కారణం ఏమీ లేదని తరువాత అర్థమయింది. అది మాకు చేసే మర్యాద. చేతిలో టీ డబ్బులు లేనివాడు అట్లా గౌరవించేవాడు. పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. కొందరు పిలుపు రాగానే చెంప మీద చెయ్యి అడ్డం పెట్టుకునే వచ్చేవారు.

మా కాలంలోనూ పిల్లల ముందే మాట్లాడేవాళ్ళమని గొప్పలు చెప్పే ముసలి పంతుళ్ళు మీకు తగులుతారు. దెబ్బ తినడానికి పిలవడం, మాట్లాడటానికి పిలవడం ఒకటి కాదని వాళ్ళతో చెప్పండి. నా పేరు చెప్పినా ఫరవాలేదు.

కుర్చీ మీద ఫైళ్ళు

మా పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, ఉర్దూలో చదువుకున్న మనిషి. నల్ల టోపీ, ముక్కుపొడుం. కోపం వస్తే ఉర్దూ, సంతోషం వస్తే ఉర్దూ, జీతం ఆలస్యమైతే మాత్రం తెలుగు. లెక్కలు చెబితే మొద్దుకు కూడా అర్థమయ్యేవి. సూర్యాపేటలో ఆయన కింద చేశాను. తరువాత నన్ను మిర్యాలగూడ వేస్తే, అక్కడికి ముందే వచ్చి ఆయనే నా నెత్తిన కూర్చుని ఉన్నాడు. చెడ్డవాడు కాదు. నేను ఏది అన్నా దానికి ఎదురు అనేవాడు, అంతే.

సూర్యాపేటలో ఒక కుర్రవాడు నాట్లప్పుడు, కోతలప్పుడు బడి ఎగ్గొట్టేవాడు. పెద్దసారు తండ్రిని పిలిపించారు. ఆయన చెప్పులు బయట విడిచి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గదిలో కుర్చీ ఉంది. దాని మీద ఫైళ్ళున్నాయి. రైతు వస్తే ఆ ఫైళ్ళు తీయాలని ఎవరికీ తోచేది కాదు. పెద్దసారు బుద్ధి లేదా అంటూ చాలా సేపు తిట్టారు. ఆయన "తప్పయింది దొరా, తప్పయింది" అంటూనే ఉన్నాడు. కొడుకు పక్కనే ఉన్నాడు. మొదట తండ్రి వైపు చూశాడు, తరువాత గోడ వైపు చూశాడు, ఇక తల తిప్పలేదు.

మరుసటి రోజు నుంచి ఆ పిల్లవాడు ఒక్కరోజు కూడా మానలేదు. పెద్దసారు మీసం దువ్వుకున్నారు. కొన్నాళ్ళకు తండ్రి బండి తోలుకుని బడి ముందు నుంచి పోతుంటే, తోటి పిల్లలు ఎవర్రా ఆయన అని అడిగారు. "మా జీతగాడు" అన్నాడు వాడు. నా చెవులారా విన్నాను. జీతగాణ్ణి కావడం వల్ల నాకు మరీ బాగా వినపడింది.

పోయి పెద్దసారుకు చెప్పాను. ఆయన చాలా సేపు పొడుం పీల్చారు. ఆయనకూ బాధే అయింది. అయితే ఒకే సంగతి నుంచి మేమిద్దరం రెండు పాఠాలు నేర్చుకున్నాం. ఇకమీద పెద్దవాళ్ళు మాట్లాడుకునేటప్పుడు పిల్లవాడు వరండాలో నిలబడాలి, తేలిన సంగతి మాత్రమే వాడికి చెప్పాలి అని ఆయన రూలు పెట్టారు. నేను మాత్రం ఎవరి తండ్రి వస్తున్నాడన్నా ముందుగా పోయి కుర్చీ మీది ఫైళ్ళు తీసేవాణ్ణి. ఆయన మళ్ళీ పెట్టించేవారు. ఆ ఫైళ్ళు రెండు ఊళ్ళలో ఎన్నేళ్ళు కిందికీ పైకీ తిరిగాయో చెప్పలేను.

మీరు పిల్లవాణ్ణి లోపల కూర్చోబెట్టే ముందు తండ్రిని కూర్చోబెట్టండి. తండ్రి చేతులు కట్టుకుని నిలబడ్డ గదిలోకి కొడుకును పిలవడం కంటే వరండాయే నయం. ఈ విషయంలో పెద్దసారుది సగం ఒప్పు. ఆయన బతికుండగా ఈ మాట అననందుకు సంతోషిస్తున్నాను.

కోదాడలో శనివారాలు

వరుస ప్రకారం మిర్యాలగూడ ముందు రావాలి, కానీ దాన్ని చివరికి ఉంచుకుంటున్నాను. డెబ్భైల్లో నేను కోదాడలో హెడ్మాస్టరునయ్యాక పిల్లలు లేకుండా ఏ తండ్రితోనూ మాట్లాడేది లేదని రూలు పెట్టాను. కోదాడ ఆంధ్ర ప్రాంతం సరిహద్దు దగ్గర. మాట సగం మనలాగా, సగం కృష్ణా జిల్లా వాళ్ళలాగా ఉంటుంది. తండ్రులు అండీ అంటూనే నిలదీస్తారు.

మోహన్ అని ఒకడుండేవాడు. వాడి నాన్న ఒకసారి వచ్చాడు. ముగ్గురం కూర్చున్నాం. ఆయన మెల్లగా మొదలుపెట్టాడు.

"శనివారం శనివారం స్పెషల్ క్లాసులు పెడుతున్నారంట గదండీ. మావాడు పొద్దుగూకినాక గానీ ఇంటికి రావట్లేదు. జర తొందరగా వదిలిపెట్టరాదూ."

స్పెషల్ క్లాసుల్లేవు. పైగా శనివారం పొలం పని ఉంది, నాన్న పంపమన్నాడు అని మోహన్ ప్రతి వారం నా దగ్గర మధ్యాహ్నానికే సెలవు తీసుకుంటున్నాడు. ఆ మాటే ఆయనతో అన్నాను. ఇద్దరం మోహన్ వైపు తిరిగాం. వాడు లేచి నిలబడ్డాడు.

"నేను బయట ఉంటాను సార్. పెద్దాళ్ళు మాట్టాడుకుంటున్నారు."

ఊళ్ళో టూరింగ్ టాకీసు పడిందని, శనివారం మధ్యాహ్నం ఆట ఉందని అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ళ నాన్న ముందు నవ్వాడు, నేను తరువాత నవ్వాను, మోహన్ అస్సలు నవ్వలేదు. వేర్వేరుగా మాట్లాడితే ఒక్క పిల్లవాడు ఇద్దరు పెద్దవాళ్ళను సంవత్సరమంతా ఆడించగలడు. అదే ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఎక్కువ సేపు నడవదు. పిల్లలు ఎదురుగా ఉంటే నిజం మాట్లాడలేం అనే తల్లిదండ్రులకు ఈ కథ చెప్పండి.

తండ్రి మనల్ని తిట్టడానికి వస్తే అప్పుడైనా పిల్లల్ని పంపించెయ్యాలా అని మీలో ఒకమ్మాయి అడిగింది. వద్దు. పంతులు తిట్లు తిని, అందులో నిజముంటే ఒప్పుకోవడం పిల్లలు చూస్తే మంచిది. మనం చెప్పే పాఠాల్లో అంత శ్రద్ధగా వినేది ఇంకొకటి లేదు.

తువ్వాల కింద చెయ్యి

ఇక మిర్యాలగూడ. సాగర్ కాలువ నీళ్ళొచ్చిన కొత్త. ఊరి చుట్టూ రైసుమిల్లులు లేస్తున్నాయి. వాటిలో ఒక మిల్లు నర్సయ్య సేటుది. ఆయన కూతురు శకుంతల నా దగ్గర ఎనిమిదో తరగతి. మగపిల్లల మధ్య ఆడపిల్లలకు ఒక్క బెంచీ ఉండేది, ఆ బెంచీలో మొదట కూర్చునేది. ఏది చెప్పినా ఎందుకు అనేది. సాయంత్రం బడి వదిలాక తండ్రి దుకాణంలో బస్తాల మీద కూర్చుని, వచ్చేపోయే బేరాలు చూస్తూ చదువుకునేది. ఆ కోటి ప్రశ్నలు ఆ బస్తాల మీదే మొలిచి ఉంటాయి.

ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి, వాళ్ళ నాయిన రేపు వస్తున్నాడని, తనను బడి మాన్పించడానికేనని చెప్పింది. ఆ రోజుల్లో షావుకార్ల ఇళ్ళలో ఆడపిల్ల కొంచెం ఎదిగితే బడి బంద్ చేయించడం మామూలే. ఇంట్లో నానమ్మ పట్టుబట్టిందట. "నేను గూడ లోపట ఉండొచ్చా సార్" అని అడిగింది. పెద్దసారు రూలు నాకు తెలుసు. గుమ్మంలో నిలబడు, అది లోపలా కాదు, బయటా కాదు అన్నాను. ఉద్యోగంలో నేను నేర్చుకున్న తెలివితేటలన్నీ ఇట్లాంటివే.

మరుసటి రోజు సేటు వచ్చేసరికి గదిలో ఇంకో మిల్లు యజమాని తన కొడుకు సంగతి మాట్లాడటానికి కూర్చుని ఉన్నాడు. ఆయనకూ మా సేటుకూ పడదు. సేటు షావుకారు కాబట్టి ఫైళ్ళు వాటంతటవే కిందికి దిగాయి. పెద్దసారు ఏమిటి విశేషమన్నారు. ఎదుటి మిల్లువాడు వింటుండగా ఇంటి ఆడపిల్ల సంగతి నోటితో అనడం సేటుకు ఇష్టం లేదు. కొంచెం సేపు అటూ ఇటూ చూశాడు. భుజం మీది తువ్వాల తీసి కుడిచేతి మీద కప్పుకుని, ఆ చేతిని బల్ల మీదుగా చాపాడు.

"పిల్ల ఇంక ఎన్నేండ్లు రావాల్నంటరు, చెప్పండ్రి" అన్నాడు.

చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. పశువుల అంగట్లో, ధాన్యం మార్కెట్లో బేరం నలుగురి ముందు నోటితో చేయరు. తువ్వాల కింద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వేళ్ళు నొక్కి చెబుతారు. ఎన్ని వేళ్ళో ఆ ఇద్దరికే తెలుస్తుంది. పక్కవాడు అడగకూడదు. మాట తెగేదాకా, అంటే బేరం కుదిరేదాకా, చెయ్యి లాక్కోకూడదు. తెగాక మాట తప్పకూడదు. తప్పితే ఆ మనిషితో మళ్ళీ ఎవరూ చెయ్యి కలపరు, ఇక వ్యాపారం మూసుకోవడమే.

పెద్దసారుది నడిగూడెం వైపు ఊరు, పశువులున్న ఇల్లు. ఆయన నోరు మర్యాదగా ఉర్దూలో ఏదో అనబోయింది. చెయ్యి మాత్రం అప్పటికే తువ్వాల కిందికి పోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నొక్కుకున్నారు. సేటు తల అడ్డంగా ఊపాడు. పెద్దసారు మళ్ళీ నొక్కారు. సేటు మళ్ళీ ఊపాడు. కాసేపటికి పెద్దసారు "సరే, అయింది" అని చెయ్యి బయటికి తీశారు. మొహం చూస్తే నాకు అర్థమయింది, ఒక్క వేలు. ఈ ఏడాది పరీక్షలు రాసి మానేయడమే. మనిషి ఒక పిల్ల చదువును అంత తొందరగా అమ్మేసి పొడుం డబ్బీ కోసం వెతుక్కుంటున్నారు.

అప్పుడు గుమ్మంలోంచి శకుంతల అడిగింది.

"ఎంతకు తెగింది సార్?"

పెద్దసారు నీకెందుకు, క్లాసుకు పో అన్నారు.

"అంగట్ల ఎద్దుకు చెప్పరు, సరే. నాకు చెప్పాలె గద సార్."

ఆమె లోపలికి వచ్చింది. తండ్రి చేతి మీద తువ్వాల ఇంకా అట్లాగే ఉంది. దాని కిందికి తన చెయ్యి పెట్టింది.

"పెద్దసారుతోని అయింది నాయినా నీ బేరం. నాతోని కాలె."

సేటు చెయ్యి వెనక్కి తీసుకునేవాడే. ఎదుటి మిల్లువాడు ఊరుకోలేదు. "పట్టు సేటూ. గిరాకి వస్తే వాపస్ పంపుతవా" అన్నాడు. ఆ మాటతో సేటు ఇరుక్కుపోయాడు. పోటీవాడి ముందు చెయ్యి లాక్కున్నాడన్న పేరు ఆయన మోయలేడు.

ఆ బేరం చాలా సేపు నడిచింది. మొదట్లో సేటు పిల్లదాన్ని ఆడిస్తున్నట్టు మొహం పెట్టాడు. తరువాత కనుబొమలు దగ్గరకొచ్చాయి. "గంత కాదు" అన్నాడు గొంతు లోపల. ఆమె పలకలేదు, తల ఊపలేదు, ఆయన కళ్ళలోకి చూస్తూ నిలబడింది. బస్తాల మీద కూర్చుని ఆయన్ను చూసే నేర్చుకుంది మరి. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చివరకు మూతి ఒక పక్కకు వంగింది, గింజ బాగున్నప్పుడు వంగినట్టు. చేతిని మొత్తం పట్టి ఒక్కసారి ఊపాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఎంత అని పెద్దసారు అడిగారు. "అడగొద్దు సార్" అని క్లాసుకు వెళ్ళిపోయింది.

ఒక్కతే బెంచీ మీద

తరువాత జూన్‌లో తొమ్మిదో తరగతి హాజరు పిలుస్తుంటే ఆమె పలికింది. ఆ పై జూన్‌లోనూ పలికింది. పెద్దసారు నన్ను వరండాలో పట్టుకుని ఎన్ని వేళ్ళంటావు అని అడిగేవారు. నాకేం తెలుసు.

సేటు ఎట్లాంటివాడో నాకు తెలుసు. అందరి ముందు నాకిచ్చిన మాటలు ఆయన ఎన్నో తప్పాడు. బడి గోడకు సున్నం వేయిస్తానన్నాడు, ఇప్పటికీ వేయించలేదు. కానీ ఈ మాట తప్పలేదు. ఇంట్లో నానమ్మ అన్నం మానేసినా, ఒక సంబంధం ఇంటిదాకా వచ్చినా, "మాటయింది" అని తప్ప ఇంకొక మాట అనలేదట.

ఇక్కడిదాకా విని మీరు చప్పట్లు కొడతారు. కాస్త ఆగండి. పై క్లాసుకు వచ్చేసరికి బెంచీ మీద మిగతా ఆడపిల్లలంతా ఒక్కొక్కరుగా మానేశారు. శకుంతల ఒక్కతే మిగిలింది. మగపిల్లలు వెనక నుంచి మిల్లు సైరనులా కూత కూసేవారు. నేను కొందరిని బెంచీ ఎక్కించాను, ఫలితం లేదు. ఒకరోజు ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఏమిటంటే చెప్పింది.

"బంద్ చేయాలనిపిస్తుంది సార్. మా నాయిన మాన్పిస్తే బాగుండు, ఏడ్సి ఊకుందును. గిప్పుడు ఆయన మాన్పియ్యడు. నేనే గద బేరం చేసింది."

వరండాలో నిలబెట్టిన పిల్లకు ఒక సుఖముంటుంది, ఏది జరిగినా పెద్దవాళ్ళను తిట్టుకోవచ్చు. లోపలికి పిలిచి మాట అడిగామంటే ఆ సుఖం తీసేసినట్టే. ఈ సంగతి శిక్షణలో ఎవరూ చెప్పరు. మీరు పిల్లను మాట అడిగితే, ఆ తరువాత దాన్ని మోసే రోజుల్లో ఆమె పక్కన ఉండండి. నాకు చేతనైంది చేశాను. ఆడపిల్లల బెంచీని మగపిల్లల మధ్య నుంచి తీసి నా బల్ల పక్కకు జరిపించాను. కూతలు పూర్తిగా ఆగలేదు, తగ్గాయి. ఆమె మానలేదు.

టీ తాగి పోండి

హెచ్చెస్సీ ఫలితాలు వచ్చాయి. శకుంతల ఫస్టు క్లాసు. పెద్దసారు సంతోషంతో రోజంతా ఉర్దూ మాట్లాడారు. బడికి పేరొచ్చింది, పిల్లను కాలేజీకి పంపాల్సిందే, మనం పోయి సేటుకు చెబుదాం పద అని నన్ను బయలుదేరదీశారు. నాకు కూడా హుషారుగానే ఉంది. ఆయన రిక్షాలో, నేను సైకిలు మీద.

మిల్లు నడుస్తోంది. ఊక దుమ్ములో ఎవరి మొహం ఎవరికీ సరిగ్గా కనపడటం లేదు. సేటు మమ్మల్ని పక్క గదిలో కూర్చోబెట్టాడు. పెద్దసారు గొంతు తగ్గించి, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి మొదలుపెట్టారు. అంతలో శకుంతల టీ తెచ్చింది. మా ముగ్గురికీ ఇచ్చి, తను ఒక బస్తా మీద కూర్చుంది.

"నా ముచ్చటేనా సార్?"

పెద్దసారు అలవాటు మనిషి. "నువ్వు లోపలికి పో బిడ్డా, పెద్దోళ్ళం మాట్లాడుకుంటున్నం" అన్నారు.

ఆమె కదల్లేదు. గొంతు పెంచకుండానే చెప్పింది.

"మా నాయినతోని నా మాట హెచ్చెస్సీ దాక. ఆయన నిలబెట్టుకుండు, నేను నిలబెట్టుకున్న. అది ఖతం. ఇగ ముందలి ముచ్చట మళ్ళ మొదటికెల్లి మాట్లాడుకోవాలె. మీరుంటే ఆయనకు మొగమాటమైతది. మీ ముంగట సరే అంటడు, మీరు పోయినంక కాదంటడు. జర మమ్ముల ఇడిసిపెట్టుండ్రి. టీ తాగి పోండ్రి సార్."

సేటు గ్లాసులోకి చూస్తూ ఉన్నాడు. కాదని అనలేదు.

"మేము నీ మంచికే వచ్చినం బిడ్డా" అన్నారు పెద్దసారు.

"తెలుసు సార్. అందుకే టీ పెట్టిన."

తాగాం. లేచాం. నాకు నిజంగా కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఆ పిల్ల వైపు నిలబడ్డది నేను, నన్ను కూడా లేచి పొమ్మంటుందా అని. రిక్షా పక్కన సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాను. రైలు గేటు పడి ఉంది. అక్కడ ఆగాక పెద్దసారు అన్నారు.

"ఇయ్యాల ఆ పిల్ల మనల్ని వరండాలకు పంపింది మల్లయ్యా."

ఆయన నవ్వుతున్నారని కాసేపటికి గానీ తెలియలేదు. పిల్లలు మాటలో ఉండాలా అని మీరు అడిగారు. ఉండాలని ఒప్పుకున్నాక, పంతులు లేకపోతేనే మాట బాగా సాగే రోజులు కూడా వస్తాయి. అప్పుడు లేవడం నేర్చుకోవాలి. ఆ రోజు నేను మంచి మనసుతో లేవలేదు, గేటు తీసేదాకా గొణుగుతూనే ఉన్నాను.

తండ్రీ కూతుళ్ళు ఏం మాట్లాడుకున్నారో, ఎన్నాళ్ళు మాట్లాడుకున్నారో మాకు తెలియదు. వానలు మొదలయ్యాక ఒకరోజు బడికి వచ్చింది, ఒక్కతే. టీసీ కావాలంది. నల్లగొండ కాలేజీలో చేరుతుందట, మేనత్త ఇంట్లో ఉంటుందట. బస్సుకు ఇంకా టైముంది.

పెద్దసారు "మీ నాయిన రాలేదా" అని అడిగారు. మిల్లులో పని ఉందని, బస్టాండుకు వస్తాడని చెప్పింది. తండ్రి రానిదే టీసీ ఇవ్వడం ఆయన పద్ధతి కాదు. ఆ రోజు మాత్రం ఆమెను కూర్చోమన్నారు. క్లర్కును పిలిచి టీసీ రాయించి సంతకం పెట్టారు. అదంతా అయ్యాక కూడా ఆమెను వెంటనే పంపలేదు. నల్లగొండలో లెక్కలు తీసుకుంటున్నావా అని అడిగారు, మేనత్త ఇల్లు కాలేజీకి ఎంత దూరమని అడిగారు. నేను పక్క బల్ల దగ్గర పేపర్లు దిద్దుతున్నట్టు కూర్చున్నాను. ఆయన ఉద్యోగమంతటిలో తండ్రి లేకుండా ఒక పిల్లతో అంత సేపు మాట్లాడటం నేను చూసింది అదొక్కసారే.

"భయమైతుందా" అని అడిగారు చివరకు.

"అయితుంది సార్. బస్సుల వాంతులైతయని."

పెద్దసారు అటెండరును పంపించి నిమ్మకాయ తెప్పించారు. తుడిచి ఆమె చేతిలో పెట్టారు.

"ఇప్పుడే వాసన సూడకు బిడ్డా" అన్నారు. "తొవ్వల వేములపల్లి దాటినంక సూడు."